సెకండ్ హ్యాండ్ ఆటోమేటిక్ కారులో గేర్ జారుతోందా? బాక్స్ దించమనే ముందు ఇవి చూస్కోండి

యాక్సిలరేటర్ తొక్కితే ఇంజన్ గట్టిగా అరుస్తది, ఆర్పీఎం ముల్లు 3 వేలు దాటి 4 వేలకి పోద్ది, బండి మాత్రం ఉన్నచోటే ఉన్నట్టు ఉంటది. లేదంటే రెండో గేరు నుంచి మూడుకి మారేటప్పుడు ఒక్క క్షణం న్యూట్రల్ లో పడ్డట్టు ఇంజన్ ఊరికే రేజ్ అయ్యి తర్వాత ఠక్కున పట్టుకుంటది. ఇంకో రకం, పొద్దున్నే డీ లోకి, అంటే డ్రైవ్ లోకి వేస్తే రెండు మూడు సెకన్లు ఏమీ జరగదు, తర్వాత ఒక్క కుదుపు. ఈ మూడిట్లో ఏది కనపడినా గేర్ బాక్స్ జారడం మొదలైందనే అనుకోండి, ఒక్క సీవీటీ అనే రకం సంగతి వేరు, అది కింద చెప్తా.

ఇక్కడ ఒక తేడా తెలియాలి. పికప్ లేకపోవడం వేరు, జారడం వేరు. ఇంజన్ లోనే దమ్ము లేకపోతే, అంటే ప్లగ్గులు పోవడం, ఇంజెక్టర్లు మూసుకుపోవడం, ఫ్యూయల్ పంపు వీక్ అవడం లాంటివైతే, మీరు ఎంత తొక్కినా ఆర్పీఎం కూడా పైకి లేవదు. జారేటప్పుడు ఆర్పీఎం లేస్తది, స్పీడు లేవదు. ఇది తెలీక ప్లగ్గులు మార్చే సమస్యకి గేర్ బాక్స్ దించేసినవాళ్ళు ఉన్నారు, బాక్స్ సమస్యకి మూడు వారాలు ఇంజన్ ట్యూనింగ్ చేయించినవాళ్ళూ ఉన్నారు.

అన్నిటికంటే ముందు చేయాల్సింది బండి నడపడం ఆపడం. నేను ఇది చాలా సీరియస్ గా చెప్తున్నా. మా ఇంట్లో పాత హ్యాచ్‌బ్యాక్ ఒకటి, నాలుగు గేర్ల ఆటోమేటిక్, కొన్న మూడో నెలలో మూడో గేరు దగ్గర కొంచెం జారడం మొదలైంది, ఆదివారం చూపిద్దాంలే అనుకుంటూ నెలరోజులు ఆఫీసుకి తిప్పాను, ఆ తర్వాత అదే బండి మీద తిరుమల వెళ్తూ ఘాట్ రోడ్డులో సగం ఎక్కాక కాలిన వాసన వచ్చి డీ లో అసలు కదలనని మొండికేసింది. మొదటిరోజే చూపించి ఉంటే ఆయిల్ చల్లబరిచే కూలర్ కి వెళ్ళే గొట్టం, కూలర్ హోస్ అంటారు, అది ఒకటి, మూడు నాలుగు లీటర్ల ఆయిలు, అంతే. నెల ఆలస్యానికి బాక్స్ మొత్తం విప్పించాల్సి వచ్చింది. కారణం ఏంటంటే లోపల క్లచ్ ప్లేట్లు ఆయిల్ ప్రెషర్ తోనే ఒకదానికొకటి అతుక్కుని తిరుగుతాయి, ప్రెషర్ తగ్గితే రాసుకుంటాయి, రాసుకుంటే వేడి, ఆ వేడికి ప్లేట్ల మీద ఉండే రాపిడి పొర మాడి ఆయిల్లో కలుస్తది, ఆ మాడిన ఆయిలు పోయి వాల్వ్ బాడీలో, అంటే ఆయిల్ ని ఏ గేరుకి పంపాలో చూసే భాగంలో, సన్న దారుల్ని మూస్తది, దాంతో ప్రెషర్ ఇంకా తగ్గుద్ది. అట్లా చిన్న లీకు కాస్తా పెద్ద ఖర్చు అవుద్ది.

దారిలో ఆగిపోతే తాడు కట్టి లాగించకండి. ఆటోమేటిక్ బాక్సులో ఆయిల్ తిప్పే పంపు ఇంజన్ తిరిగితేనే తిరుగుద్ది. ఇంజన్ ఆఫ్ చేసి చక్రాలు రోడ్డు మీద దొర్లిస్తే లోపల పార్టులు ఆయిల్ లేకుండా పొడిగా తిరిగి ఉన్నది కాస్తా పోద్ది. ఫ్లాట్‌బెడ్, అంటే బండి మొత్తాన్ని పైన పెట్టుకుని తీసుకెళ్ళే లారీ, దాని మీదకి ఎక్కించండి, అది దొరక్కపోతే కనీసం ఇంజన్ బలం వెళ్ళే చక్రాలు, మన చిన్న కార్లలో ఎక్కువ శాతం ముందు చక్రాలే, అవి పైకి లేపి లాగాలి. మీ ఇన్సూరెన్స్ పాలసీలో రోడ్ సైడ్ అసిస్టెన్స్ ఉందేమో ఒకసారి తీసి చూడండి, చాలామంది డబ్బు కట్టి కూడా వాడుకోరు.

ఇప్పుడు అసలు పని. మీ బండిలో ఉన్నది ఏ రకం ఆటోమేటిక్కో తెలుసుకోండి. మనవాళ్ళం క్లచ్ పెడల్ లేనిదాన్నంతా ఆటోమేటిక్ అనేస్తాం గానీ లోపల నాలుగు వేరు వేరు యంత్రాలు.

ఏఎంటీ అంటే మామూలు మాన్యువల్ బాక్సే, క్లచ్ తొక్కే పని గేర్ మార్చే పని యాక్చుయేటర్ అనే ఒక పరికరం చేస్తది. 2014లో మారుతి సెలేరియోతో మన దేశంలో మొదలైంది ఇది. ఇది జారితే నిజానికి సంతోషించాలి, ఎందుకంటే చాలావరకు క్లచ్ ప్లేటు అరిగినట్టే, మాన్యువల్ బండికి లాగే క్లచ్ సెట్ మార్చి కంప్యూటర్ పెట్టి కొత్త క్లచ్ ని దానికి నేర్పిస్తే సరిపోద్ది. ఈ నేర్పించడం, క్లచ్ లెర్నింగ్ అంటారు, చేయకుండా బయటికి పంపితే కొత్త క్లచ్ కూడా కుదుపులే, అందుకని బిల్లు కట్టేముందే అడగండి. మీ బండి ఏఎంటీ అయితే ఈ కింద ఏటీఎఫ్, అంటే ఆటోమేటిక్ గేర్ బాక్స్ ఆయిలు గురించి చెప్పేదాంతో మీకు పని లేదు.

సీవీటీ అంటే గేర్లే ఉండవు, రెండు పుల్లీల మధ్య ఒక స్టీలు బెల్టు. 2014 నుంచి వచ్చిన హోండా సిటీ ఆటోమేటిక్ పెట్రోల్ ఇదే. సీవీటీలో తొక్కగానే ఆర్పీఎం ముందు లేచి స్పీడు మెల్లగా వెనకాల రావడం దాని సహజ గుణం, రబ్బరు లాగినట్టు ఉంటది, అది జబ్బు కాదు. మాన్యువల్ నుంచి కొత్తగా మారినవాళ్ళు దీనికే భయపడిపోతారు. ఒకే స్పీడులో, ఒకే లెవెల్లో కాలు పెట్టి పోతున్నప్పుడు ఆర్పీఎం దానంతటది పైకీ కిందకీ ఊగినా, వణుకు వచ్చినా, విమానం లాంటి కూత వచ్చినా అప్పుడు అనుమానించండి.

డీసీటీ, ఫోక్స్‌వాగన్ స్కోడాల్లో డీఎస్‌జీ అంటారు, రెండు క్లచ్చులుంటాయి. వాటిల్లో ఏడు గేర్ల డీక్యూ200 డ్రై క్లచ్ రకం, ట్రాఫిక్ లో అంగుళం అంగుళం పాకించడం దానికి పడదు. దీన్ని ఆ బాక్సు విప్పి చూసిన అనుభవం ఉన్నవాళ్ళ దగ్గరికే తీసుకెళ్ళాలి, మిగతా మాటలు ఇక్కడ చెప్పినా ఉపయోగం లేదు.

నాలుగోది టార్క్ కన్వర్టర్, అంటే మామూలు క్లచ్ బదులు ఆయిల్ ద్వారా ఇంజన్ బలాన్ని బాక్సుకి పంపే రకం, పాత ఐ10, వెర్నా, ఆల్టిస్, 2008 నుంచి 2013 దాకా వచ్చిన సిటీ, వీటిల్లో ఉండేది. అసలైన ఆటోమేటిక్ ఇదే, బాక్స్ విప్పి రిపేరు చేయడానికి ఎక్కువ వీలున్నది కూడా ఇదే. ఇక్కణ్ణించి చెప్పేది ఎక్కువగా దీని గురించి.

ఆయిల్ చూడటం. బండి ఎగుడు దిగుడు లేని చోట పెట్టండి, పది పదిహేను నిమిషాలు తిప్పి వేడెక్కించాక, జారుడు మరీ ఎక్కువగా ఉంటే నిలబెట్టే వేడెక్కించండి, హ్యాండ్ బ్రేక్ లాగి ఫుట్ బ్రేక్ గట్టిగా తొక్కి లివర్ ని పీ నుంచి ఆర్, ఎన్, డీ అన్నిట్లోకి రెండు మూడు సెకన్లు చొప్పున వేసి మళ్ళీ వెనక్కి తీసుకురండి. తర్వాత ఇంజన్ ఆన్ లో ఉండగానే గేర్ బాక్స్ గేజ్ లాగి గుడ్డతో తుడిచి, మళ్ళీ పెట్టి లాగి చూడండి, హాట్ అని రాసిన రెండు గీతల మధ్య ఉండాలి. ఇంజన్ ఆయిల్ గేజూ ఇదీ ఒకటి కాదు, కంగారులో దాన్ని చూసి బానే ఉంది అనుకునేవాళ్ళున్నారు. లివర్ పీ లో ఉండాలా ఎన్ లో ఉండాలా అన్నది కంపెనీ బట్టి మారుద్ది, మాన్యువల్ పుస్తకంలో ఉంటది. హోండాలది ఉల్టా పద్ధతి, వేడెక్కాక ఇంజన్ ఆపేసి 60 నుంచి 90 సెకన్ల లోపు చూడాలి. కొన్ని బాక్సులకి అసలు గేజే ఉండదు, కింద నట్టు తీసి ఆయిలు ఫలానా వేడిలో ఉన్నప్పుడు పొర్లితే లెవెల్ ఉన్నట్టు, అది స్కానర్ ఉన్న షెడ్డులోనే చేయించాలి, ఇంట్లో జాకీ ఒక్కటి పెట్టి బండి కిందకి దూరకండి దయచేసి.

లెవెల్ తో పాటు రంగు, వాసన. తెల్ల టిష్యూ పేపర్ మీద ఒక చుక్క వేయండి. ఎర్రగా ఉంటే బావుంది. టీ డికాషన్ రంగుకి వచ్చిందంటే పాతబడింది, మార్చాలి. నల్లగా ఉండి మాడిన వాసన వస్తే ప్లేట్లు కాలుతున్నాయి. సీవీటీ ఆయిళ్ళు కొన్ని ఆకుపచ్చగా కూడా ఉంటాయి కాబట్టి వాటికి రంగు కంటే వాసనే నమ్మండి.

అన్నిటికంటే చెడ్డది, రోజ్ మిల్క్ లాగా కనిపించడం. అంటే ఆయిల్లో నీళ్ళో కూలెంటో కలిసింది. చాలా బండ్లలో గేర్ ఆయిల్ చల్లబరిచే గొట్టం రేడియేటర్ లోపలే ఉంటది, అది లోపల పగిలితే రెండూ కలుస్తాయి. ఇంకో దారి వరద. 2020 అక్టోబర్లో హైదరాబాద్ లో, 2024 సెప్టెంబర్లో బుడమేరు పొంగి విజయవాడలో ఎన్ని కార్లు మునిగాయో మనందరం చూశాం, అవి తుడిచి పాలిష్ చేసి మార్కెట్లోకి రావని ఎవరూ చెప్పలేరు. నీళ్ళు కలిసిన ఆయిలు ప్లేట్ల మీద రాపిడి పొరని అంటించిన జిగురునే వదిలించేస్తది. ఈ రంగు కనపడితే ఇంజన్ కూడా స్టార్ట్ చేయొద్దు, అక్కణ్ణించి ఫ్లాట్‌బెడ్ మీదే షెడ్డుకి.

లెవెల్ తక్కువ ఉందనుకోండి, ఒక మాట గుర్తుపెట్టుకోండి, గేర్ ఆయిలు ఇంజన్ ఆయిల్ లాగా కాలి తగ్గదు. తగ్గిందంటే ఎక్కడో కారింది. రాత్రి బండి కింద ఒక అట్టముక్క పరిచి పొద్దున్నే చూస్తే మరక ఎక్కడ పడిందో తెలుస్తది. రేడియేటర్ వైపు పడితే కూలర్ హోస్, చక్రాల వైపు పడితే యాక్సిల్ ఆయిల్ సీలు, మధ్యలో అయితే చాంబర్, అంటే బాక్స్ అడుగున ఆయిలు నిలిచే పళ్ళెం, దాని ప్యాకింగు, ఇంజనూ బాక్సూ కలిసే చోట అయితే కన్వర్టర్ సీలు. చివరిదానికి మాత్రమే బాక్స్ దించాలి, మిగతావన్నీ కింద నుంచే అయిపోతాయి. మా బావగారి బండి సరిగ్గా ఇంతే, హైవే మీద ఒక షెడ్డులో బాక్స్ పోయిందన్నారు, ఇంటికి తెప్పించి చూస్తే హోస్ క్లిప్పు దగ్గర కారి లీటరు పైన తక్కువుంది, హోస్ మార్చి ఆయిల్ నింపాం, రెండేళ్ళయింది, ఇప్పటికీ తిరుగుతోంది.

నింపేది ఏ ఆయిలు అన్నది పెద్ద విషయం. ఎర్రగా ఉన్నదల్లా ఒకటే కాదు. పాత హ్యుండాయ్ నాలుగు గేర్ల వాటికి ఎస్‌పీ-3, హోండా ఐదు గేర్ల ఆటోమేటిక్ కి డీడబ్ల్యూ-1, హోండా సీవీటీకి హెచ్‌సీఎఫ్-2, ఇట్లా దేనిది దానికే. సీవీటీలో మామూలు ఏటీఎఫ్ పోస్తే బెల్టు పట్టు జారి పుల్లీలు గీసుకుపోతాయి, తర్వాత బాక్స్ మార్చడమే. షెడ్డులో "అన్నింటికీ ఇదే పోస్తాం సార్" అంటే పోయించుకోకండి, మాన్యువల్లో ఉన్న పేరు ఫోన్ లో ఫొటో తీసుకుని వెళ్ళి అదే డబ్బా కళ్ళముందు ఓపెన్ చేయించండి. ఎక్కువ పోయడమూ తప్పే, నురగ వచ్చి మళ్ళీ జారుద్ది.

ఆయిల్ బానే ఉండీ జారుతోందంటే స్కానర్ పెట్టాలి. స్టీరింగ్ కింద స్కానర్ తగిలించే ఓబీడీ సాకెట్ ఉంటది, చవక బ్లూటూత్ డాంగిల్ తో ఇంజన్ కోడ్లు చదవొచ్చు గానీ గేర్ బాక్స్ కంప్యూటర్ లోపలిదాకా చాలావరకు పోలేవు. డాంగిల్లో పీ0700 అని వస్తే, అది జబ్బు పేరు కాదు, గేర్ బాక్స్ కంప్యూటర్లో ఇంకో కోడ్ దాగుంది వెళ్ళి చూడు అని అర్థం, అప్పుడు మంచి స్కానర్ ఉన్నచోటికి వెళ్ళండి. పీ0730 నుంచి పీ0735 దాకా వచ్చేవి గేరు నిష్పత్తి తప్పు, అంటే నిజంగా జారుతోందని కంప్యూటర్ కూడా ఒప్పుకున్నట్టు, చివరి అంకె సున్నా కాకపోతే అది ఏ గేరో చెప్తది, పీ0733 అయితే మూడో గేరు. పీ0715, పీ0720 స్పీడ్ సెన్సర్లవి, వీటికి సెన్సరో వైరో మారిస్తే చాలాసార్లు అయిపోద్ది. పీ0750 చుట్టుపక్కలవి సోలనాయిడ్లు, అంటే కరెంటుతో ఆయిల్ దారులు తెరిచి మూసేవి. పీ0741 కన్వర్టర్ లాకప్ ది, అంటే స్పీడులో ఇంజన్నీ బాక్సునీ నేరుగా కలిపే క్లచ్ ది, ఇది ఉంటే హైవేలో 70, 80 స్పీడులో ఆర్పీఎం రెండు మూడు వందలు పైకీ కిందకీ ఆడుద్ది, ఊళ్ళో తిరిగేటప్పుడు పెద్దగా తెలీదు. కోడ్లు చదివాక వెంటనే చెరిపేయనివ్వకండి, స్క్రీన్ ఫొటో తీసుకోండి, రేపు ఇంకో మెకానిక్ కి చూపించాలన్నా, అమ్మినవాడితో మాట్లాడాలన్నా అదే మీ సాక్ష్యం.

ఇంతలో మీరే గమనించి రాసుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి, మంచి మెకానిక్ మొదట అడిగేవి ఇవే. డీ లోనూ ఆర్ లోనూ రెండిట్లో జారుతోందా? అయితే మొత్తం ప్రెషరే తక్కువ, అంటే ఆయిలు, ఫిల్టరు, పంపు లేదా కన్వర్టర్. ఒకే గేరులో జారుతోందా? అయితే ఆ గేరు క్లచ్చో దాని సోలనాయిడో. చల్లగా ఉన్నప్పుడు బావుండి వేడెక్కాక జారితే లోపల సీళ్ళు, పంపు అరిగి ఉంటాయి, వేడికి ఆయిలు పల్చబడి ప్రెషర్ నిలవట్లేదు. పొద్దున మొదటిసారి మాత్రమే ఆలస్యంగా పట్టుకుంటే రాత్రంతా ఆయిలు కిందకి దిగిపోతోంది. ఇవన్నీ కాగితం మీద రాసుకుని వెళ్తే మీతో మాట్లాడే తీరే మారిపోద్ది, చూడండి. బ్రేక్ తొక్కి ఫుల్ రేజ్ ఇచ్చే స్టాల్ టెస్ట్ మాత్రం వీడియోలు చూసి ఇంట్లో చేయకండి, ఐదు సెకన్లు దాటితే లోపల ఆయిలు ఉడికిపోద్ది, బండి ఎగిరి గోడకి తగిలే ప్రమాదం కూడా ఉంది.

ఆయిల్ మార్పిస్తే సరిపోద్దా అని అందరూ అడుగుతారు. ఎర్రగానో టీ రంగులోనో ఉండి, జారుడు ఇప్పుడిప్పుడే మొదలైతే మార్పించడం మంచిదే. చాంబర్ విప్పి ఫిల్టర్ మార్చి నింపమనండి, ఒకసారి డ్రెయిన్ చేస్తే సగం కంటే తక్కువే బయటికొస్తది, మిగతాది కన్వర్టర్ లో ఉండిపోద్ది, అందుకని కొన్ని వందల కిలోమీటర్లు తిప్పి మళ్ళీ ఒకసారి మార్చడం పద్ధతి. మెషిన్ పెట్టి ఒత్తిడితో ఫ్లష్ చేయడం పాత బాక్సులకి నేను ఒప్పుకోను, అడుగున పేరుకున్నదంతా లేచి వాల్వ్ బాడీలో ఇరుక్కుంటది. నల్లగా మాడిపోయిన ఆయిల్ అయితే మార్చినా పెద్దగా ఉపయోగం ఉండదు, కొన్నిసార్లు ఇంకా ఎక్కువ జారుద్ది కూడా, ఎందుకంటే ప్లేట్లకి పొరే లేదు.

చాంబర్ విప్పేటప్పుడు మీరు దగ్గరుండండి. లోపల అయస్కాంతం ఉంటది, దాని మీద బూడిదరంగు మెత్తటి పేస్టు ఉంటే అది మామూలు అరుగుదల. మెరిసే ఇనుప ముక్కలు, నల్ల పెచ్చులు ఉంటే మాత్రం ఇక బాక్స్ దించక తప్పదు.

దించాల్సొస్తే మూడు దారులు. అదే బాక్సు ఓవరాలింగ్ చేయించడం, పాత బండి నుంచి తీసిన బాక్సు వేయడం, కంపెనీ కొత్త బాక్సు. కొత్తది పాత కారు ధరకి దగ్గరగా వస్తది కాబట్టి చాలామందికి అది లెక్కలోకే రాదు. పాత బాక్సులు విజయవాడ ఆటోనగర్ లో, చెన్నై పుదుపేటలో వెతుకుతారు, కానీ దాని వయసు ఎంతో, ఎందుకు తీశారో ఎవరికీ తెలీదు, మీ బండి సంవత్సరం, ఇంజన్, బాక్స్ మీద కోడ్ మూడూ కలవాలి, కనీసం మూడు నెలల గ్యారంటీ బిల్లు మీద రాయించుకోవాలి. నాకైతే ఓవరాలింగే నయం, చేసేవాడు ఆటోమేటిక్ లు మాత్రమే చేసేవాడైతే. ఎస్టిమేట్ లో ఇవి విడివిడిగా రాయించండి: క్లచ్ ప్లేట్లు, వాటి మధ్య స్టీలు ప్లేట్లు, సీల్ కిట్, ఫిల్టరు, కన్వర్టర్ రిపేరు, సోలనాయిడ్ల చెకింగు, ఆయిలు. వీటితో పాటు కూలర్ కడగడం. ఆ చివరిది చాలామంది వదిలేస్తారు, పాత బాక్సు ఇనుప పొడి అంతా కూలర్ గొట్టాల్లోనే ఉంటది, కడక్కపోతే అది కొత్త ప్లేట్లలోకి వస్తది. కన్వర్టర్ ని అట్లాగే వదిలేసి ప్లేట్లు ఒక్కటే మార్చే చవక రిపేరుకి ఒప్పుకోకండి. పాత పార్టులన్నీ సంచిలో వేసి మీకివ్వమని ముందే చెప్పండి. ఖర్చు బండి ఇప్పటి ధరలో సగం దాటుతోందంటే ఉన్నది ఉన్నట్టు చెప్పి అమ్మేయడం గురించి కూడా ఇంట్లో కూర్చుని ఆలోచించండి, కొనేవాళ్ళకి చెప్పకుండా మాత్రం అమ్మకండి.

డబ్బు ఎవరు పెట్టుకోవాలి అన్నది ఇంకో తలనొప్పి. మామూలు కాంప్రిహెన్సివ్ ఇన్సూరెన్స్ లో యాక్సిడెంట్ లేకుండా లోపల అరిగిపోయిన బాక్సుకి డబ్బు రాదు. ఇంజన్ ప్రొటెక్ట్ లాంటి యాడ్ ఆన్ ఉండి లోపలికి నీళ్ళు వెళ్ళడం వల్ల పాడైతే అడగొచ్చు. డీలర్ దగ్గర కొనుంటే వాళ్ళిచ్చిన వారంటీ కాగితంలో గేర్ బాక్స్ అనే మాట ఉందో లేదో చదవండి, మాటలు వద్దు, రాతపూర్వకంగా కంప్లయింట్ మెయిల్ పెట్టండి, వాళ్ళు మిమ్మల్ని తిప్పించుకుంటుంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి, తర్వాత జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది, 2019 చట్టం ప్రకారం సమస్య వచ్చిన రెండేళ్ళలోపు వేయాలి. పక్కింటాయన దగ్గరో తెలిసినవాళ్ళ దగ్గరో కొన్నదైతే ఇవేవీ పెద్దగా పనికిరావు, మాట్లాడుకోవడమే.

బాక్స్ బాగైపోయి ఇంటికొచ్చాక, కంప్యూటర్ లో పాత అడాప్టేషన్ తీసేసి కొత్తగా నేర్పించారా అని ఒకసారి అడగండి, లేకపోతే పాత అరిగిన ప్లేట్ల లెక్కతోనే ప్రెషర్ ఇస్తది. మొదటి కొన్ని వందల కిలోమీటర్లు గట్టిగా తొక్కకుండా తిప్పండి. రివర్స్ నుంచి డీ లోకి మార్చేటప్పుడు బండి పూర్తిగా ఆగాలి. ఎత్తు మీద సిగ్నల్ పడితే యాక్సిలరేటర్ తో నిలబెట్టకండి, బ్రేక్ తొక్కండి. అరకు, శ్రీశైలం లాంటి ఘాట్ లో ఎక్కేటప్పుడు దిగేటప్పుడు లివర్ ని 2 లోకో ఎల్ లోకో దింపండి, డీ లోనే వదిలేస్తే మూడు నాలుగు గేర్ల మధ్య అటూ ఇటూ కొట్టుకుని వేడెక్కుద్ది. ఇక ఆ అట్టముక్క పారేయకండి, వారం పాటు రోజూ రాత్రి బండి కింద పరవండి, ఒక్క ఎర్ర చుక్క కనపడినా అదే రోజు షెడ్డుకి తీసుకెళ్ళండి.